జనవరి మార్కు

వంతల స్వర్ణని ఎవరైనా "ఎన్ని మార్కులొచ్చాయమ్మా" అని అడిగితే, ఆమె ముందు వాళ్ళ చెప్పులకేసి చూస్తుంది. కొండెక్కి వచ్చినవాళ్ళ చెప్పులకి ఎర్రమట్టి అంటుకుని ఉంటుంది. వాళ్ళకి నిదానంగా రెండు నంబర్లు చెబుతుంది. కారు దిగి అడిగినవాళ్ళకీ రెండే చెబుతుంది. కాకపోతే మొదటిది కొంచెం గట్టిగా చెబుతుంది. రెండెందుకని అడిగే ఓపిక చాలామందికి ఉండదు. పెద్దదేదో అదొక్కటీ గుర్తుపెట్టుకుని వెళ్ళిపోతారు.

స్వర్ణకి ఒళ్ళు మండేది అక్కడే.

ముంచింగిపుట్టు దాటాక జీపు ఇక వెళ్ళలేని చోట దిగి, వాగు దాటి నడిస్తే బిరిగూడ వస్తుంది. ఆ వాగుమీద కల్వర్టు రెండుసార్లు కట్టారు, రెండుసార్లూ కొట్టుకుపోయింది. కట్టినప్పుడల్లా ఒక ఇంజినీరు వచ్చి, నీళ్ళలో కాలు పెట్టకుండా, ఒడ్డు మీద నిలబడి ఫొటో తీయించుకుని వెళ్ళాడు. నీళ్ళు ఎంత ఎత్తున వస్తాయని ఊళ్ళో ఒక్కరినీ అడగలేదు. సివిల్ ఇంజినీరింగ్ చదవాలని స్వర్ణకి అప్పుడే తట్టింది. సేవ చేద్దామని కాదు, ఆ మనిషి మీద కోపంతో.

ఆమెని పెంచింది మామ్మ, వంతల కనక. తండ్రి గాసికి కాఫీ తోట, మిరియాల తీగలు ఉన్నాయి. తల్లి చిన్నప్పుడే పోయింది. వానలు పడే ముందు మామ్మా మనవరాలూ కొండవాలు మీద పోడులో విత్తనం పెట్టేవాళ్ళు. మామ్మ మొనదేలిన కర్రతో గొయ్యి పొడుచుకుంటూ ముందు పోయేది. స్వర్ణ వెనకే వంగి కందులు, చిక్కుడు గింజలు, మొక్కజొన్న కలిపి అందులో వేసి మడమతో మట్టి తోసేది. ఒకసారి గింజలు అయిపోవస్తున్నాయని నాలుగైదు గోతులు దాటేసింది. మామ్మ చెవి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది.

"పొడిసిన గొయ్యి ఖాళీగా ఒగ్గేస్తావేటే? కందుల్లేకపోతే జొన్నెయ్యి. జొన్న లేకపోతే సేతికి ఏటొస్తే అదెయ్యి. మొలిస్తే మొలుస్తాది, నేకపోతే పిట్ట తింటాది. నీ సొమ్మేటి పోద్ది?"

నిజమే. ఏమీ పోదు. మొలవని గింజకి పక్క మొక్కని పీక్కుపోయే నేల ఎక్కడా లేదు. ఆ మాట స్వర్ణకి బుర్రలోకన్నా ముందు చేతిలోకి వెళ్ళింది.

పదో తరగతి తర్వాత ఏజెన్సీలోనే ఒక గురుకుల కాలేజీలో చేరింది. అక్కడ ఫిజిక్స్ చెప్పేది ఫణీంద్ర, విజయనగరం వైపు నుంచి వచ్చిన గెస్ట్ లెక్చరర్. లెక్కల పోస్టు ఖాళీ కాబట్టి లెక్కలూ ఆయనే చెప్పాడు. కెమిస్ట్రీ మేడం ప్రసవానికి వెళితే ఆ ఏడాది అదీ ఆయనే చెప్పాడు. మంచివాడే. గొంతు పోయినా క్లాసు ఆపలేదు. ఆయన గురి అంతా రాష్ట్రం పెట్టే ఎంట్రన్సు మీద. అందులో తప్పు రాస్తే కోత లేదు. అందుకని వారం వారం ప్రాక్టీసు షీట్లు ఇచ్చి, గడి వదిలేసినవాళ్ళని లేపి నిలబెట్టేవాడు.

"గుడ్డిగా పెట్టినా నాలుగింట్లో ఒకటి తగులుతుందిరా. వదిలేస్తే ఏం తగులుతుంది? ఖాళీ కనబడిందంటే ఊరుకోను."

ఆ కాలేజీలో పోస్టులు ఎన్నేళ్ళు ఖాళీగా ఉన్నా ఎవరినీ లేపి నిలబెట్టలేదు. పిల్లల షీటులో మాత్రం గడి ఖాళీగా ఉండకూడదు. స్వర్ణని ఆయన ఒక్కసారి కూడా నిలబెట్టాల్సిన అవసరం రాలేదు. ఆమె షీటు ఎప్పుడూ నిండుగా ఉండేది. మామ్మ చెవి పట్టుకున్నప్పుడే ఆ పాఠం అయిపోయింది.

సెకండియర్లో, ఎన్‌ఐటీల్లో సీటు కావాలంటే జేఈఈ రాయాలని లైబ్రరీలో ఒక పాత పేపర్లో చదివింది. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు పాడేరులో నెట్ సెంటర్‌కి వెళ్ళి అప్లై చేసింది. ఆ పరీక్ష జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఉంటుంది. రెండూ రాస్తే ఏది ఎక్కువైతే అదే లెక్క. కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, చెప్పాల్సినంత పెద్ద విషయమని ఆమెకి అనిపించలేదు. పరీక్ష పరీక్షే కదా అనుకుంది.

జనవరిలో గాసి కూతుర్ని విశాఖపట్నం తీసుకెళ్ళాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాక మొదటి పేజీలో నియమాలు వచ్చాయి. సరైన జవాబుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత, వదిలేస్తే సున్నా. దాచిపెట్టారని ఎవరూ అనరు, అక్కడే ఉంది. స్వర్ణ చదివింది కూడా. చదివినంత మాత్రాన పన్నెండేళ్ళ అలవాటు చేతినుంచి ఊడిపోతుందా? ఒక్కో సబ్జెక్టు చివర ఆప్షన్లు లేని ప్రశ్నలు కొన్ని వచ్చాయి. జవాబు మనమే అంకెల్లో కొట్టాలి. దానికో చిన్న తెల్లటి పెట్టె ఉంది, ఖాళీగా. స్వర్ణకి దాన్ని దాటిపోవడం చేతకాలేదు. ఒక్కో పెట్టె ముందు కూర్చుని, చెత్త గింజ వెయ్యకూడదని కిందామీదా పడి, చివరికి ఏదో ఒక అంకె కొట్టింది. తెలిసిన లెక్కలు కొన్ని వెనక మిగిలిపోయాయి. టైమైపోయింది.

గేటు బయట చెట్టునీడలో పక్క కంప్యూటర్ అమ్మాయి కనబడింది. పేరు భానుశ్రీ, సిటీలో ఒక పెద్ద కోచింగ్ కాలేజీ. స్నేహంగానే పలకరించింది.

"నంబర్ టైప్ చేసేవి ఎన్ని వదిలేశావ్?"

"ఒక్కటీ వదల్లేదు."

"అబ్బో. అన్నీ వచ్చేశాయా?"

"రాలేదు. ఏదో ఒకటి కొట్టీసేను."

భానుశ్రీ నీళ్ళు తాగుతున్నదల్లా ఆపి బాటిల్ పక్కన పెట్టింది. "ఎవరైనా కొడతారా తల్లీ? ఆప్షన్లు ఉన్నవైతే సరే, గుడ్డిగా పెట్టినా ఏదో ఒకటి తగలొచ్చు. నంబర్ ఎలా తగులుతుంది? ప్రతిదానికీ ఒకటి కోసేస్తారు. మాకు ఎయిత్ క్లాస్ నుంచే నేర్పారు, దేని దగ్గర ఆగకూడదో, ఏది వదిలెయ్యాలో."

"వదలడం నేర్పుతారా?"

"దానికి వేరే పీరియడే ఉంటుంది." అంతలో ఆమెకి ఏదో తోచింది. "నువ్వు ఎస్టీ కదా? ఐతే టెన్షనెందుకే. మీకు సున్నా వచ్చినా సీటిచ్చేస్తారు."

ఆ పిల్ల తిట్టాలని అనలేదు. ఇంట్లో విన్నది చెప్పింది, అంతే. కాలేజీ కారు వస్తే చెయ్యూపి ఎక్కేసింది.

ఫుట్‌పాత్ మీద కూర్చున్న గాసి లేచొచ్చాడు. "ఆ పాప ఏటంతంది?"

"మనకి సున్నా వొచ్చినా సీటిస్తారంట నాన్నా."

"ఎవులిస్తారంట?" గాసి కారు వెళ్ళినవైపు చూశాడు. "కిందటేడు మన పాంగోళ్ళ గుంటడికి ఎందుకివ్వలేదో అడక్కపోయేవా. ఆడు సున్నా కన్నా శానా ఎక్కువే తెచ్చీసేడు పాపం. అదే అడ్డొచ్చిందేమో."

ఇద్దరూ నవ్వారు.

ఫలితం డెబ్బై ఒకటి చిల్లర పర్సంటైల్. అంటే పరీక్ష రాసిన ప్రతి నూరుమందిలో డెబ్బై ఒక్కమంది ఆమె వెనక ఉన్నారు. కిందటేడు ఎస్టీ కోటాలో ఆమె అడిగే సీటు ఎవరి దగ్గర ఆగిపోయిందో చూసుకుంటే, ఆ గీత ఇంకా చాలా పైన ఉంది. కోటా అంటే తలుపు లేని ఇల్లనుకునేవాళ్ళు ఈ గీత ఒక్కసారి చూడాలి. అక్కడా వరుస ఉంది, తోపులాట ఉంది, ఒక్క మార్కు తేడాతో వెనక్కి తిరిగి ఊరి జీపు ఎక్కినవాళ్ళున్నారు. కాకపోతే వాళ్ళ ఫొటోలు ఎక్కడా వెయ్యరు. జవాబుల కీ ముందు పెట్టుకుని స్వర్ణ లెక్క చూసుకుంది. తెల్ల పెట్టెల్లో వేసిన గింజల్లో ఒక్కటీ మొలవలేదు. పైగా ఒక్కోటీ పక్క మొక్కని పీక్కుపోయింది.

మర్నాడు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. ఫణీంద్ర పేపర్లు దిద్దుతున్నాడు.

"సార్, జేఈఈలో తప్పుకి మైనస్సుంటాదని మీకు తెలుసా?"

"తెలుసు. ఏం?"

"మరి సెప్పలేదేటి?"

ఫణీంద్ర తలెత్తాడు. "నువ్వు రాశావా? ఎప్పుడు?"

"జనవరిలో."

"చెప్పొచ్చు కదమ్మా ఒక్క మాట." ఎర్రపెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. "నిజం చెప్పనా స్వర్ణా, మీలో ఎవరైనా అది రాస్తారని నేననుకోలేదు. ఇక్కణ్ణుంచి ఎవరు రాస్తారు?"

ఇదీ సంగతి. తెలియక చెప్పలేదంటే ఆమె ఊరుకునేది. ఆయనకి తెలుసు. ఈ పిల్లలకి అవసరం పడుతుందని మాత్రం తోచలేదు. సిలబస్‌లో లేని ఈ ఒక్క పాఠం ఆ కాలేజీ గోడలన్నిటికీ సున్నం కొట్టినట్టు కొట్టి ఉంది: మీరు అంతదూరం పోరు. దాన్ని ఎవరూ బోర్డు మీద రాయరు. తిట్టరు కూడా. ప్రేమగా "ఈ చిన్న ఎంట్రన్సు గట్టిగా చదువుకోండమ్మా, చాలు" అంటారు. ఆ ప్రేమకి ఎంత ఖరీదు పడుతుందో పిల్ల గేటు బయటికి వెళ్ళాక, ఇంకో పిల్ల నవ్వితే తెలుస్తుంది.

స్వర్ణ ఏడవలేదు. "ఇప్పుడు రాస్తన్నాను కదా సార్. ఏప్రిల్‌లో మళ్ళీ ఉంది. ఏది ఒగ్గెయ్యాలో సెప్పండి" అంది.

ఫణీంద్ర చెప్పాడు. రోజూ సాయంత్రం స్టడీ అవర్లో తన ఫోను ఇచ్చేవాడు, పాత పేపర్లు దాంట్లో చూపించేవాడు. కొత్త పాఠం ఒక్కటీ చెప్పలేదు, దానికి టైమూ లేదు. మార్చిలో ఇంటర్ పరీక్షలు నెత్తిమీదున్నాయి. ఆయన నేర్పిందల్లా ప్రశ్న చూడగానే చెయ్యడమో, దాటడమో తేల్చుకోవడం. స్వర్ణకి చెయ్యడం వచ్చు. దాటడం రాదు. తెలియని ప్రశ్న రాగానే కుడిచెయ్యి తొడకింద పెట్టుకుని కూర్చునేది. పక్క మంచం పిల్లలు ఆటపట్టించారు.

"ఏటే, గుడ్డెట్టినావేటి? పొదుగుతన్నావు?"

"పిల్లలయ్యేక సెప్తాను, నోరు ముయ్యండే."

ఇంటర్ పరీక్షలయ్యాక ఇంటికి వెళితే మామ్మకి ఇదంతా వివరించాల్సి వచ్చింది. మామ్మ అడ్డాకులు కుడుతూ విన్నది.

"పరీక్షంటే తెలిసింది రాయడం గదే?"

"తెలీంది రాయకుండా ఉండడం మామ్మా. అదే అసలు పరీక్ష."

"అదేటి సదువు? నోరు మూసుకోడానికి పట్నం దాకా ఎల్లాలేటి? మీ తాతకి నేనిక్కడే నేర్పీసేను."

ఏప్రిల్ పరీక్ష సరిగ్గా ఇటుకల పండగలో పడింది. చైత్రంలో ఆ పండగొస్తే ఏజెన్సీ అంతా పనులు కట్టిపెడుతుంది. మగవాళ్ళు వేటకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర పెట్టి, వచ్చేపోయే బళ్ళు ఆపి, పండగ మామూలు ఇచ్చేదాకా వదలరు. గాసి వేట మానుకుని కూతురితో బయల్దేరాడు. ఊళ్ళోవాళ్ళు ఊరుకోలేదు. వేటకి రాని మగాడికి చీర పెట్టి పంపుతామన్నారు. "పెట్టండి, పట్నంలో నా కూతురు కట్టుకుంటాది" అన్నాడు గాసి.

పక్క ఊరి దగ్గర జీపుకి వెదురు అడ్డం పడింది. అటుపక్క పదిమంది ఆడపిల్లలు, తలనిండా పూలు పెట్టుకుని.

"బేగి ఒగ్గండే. పాడేరులో బస్సందుకోవాల. రేపు పరీక్షుంది" అంది స్వర్ణ జీపులోంచి.

"పండగలో పరీక్షా? ఎవుడెట్టేడే?"

"ఢిల్లీవోడు."

"ఆడికి పండగ లేదేటి?"

"ఆడి పండగ దినాన ఆడెందుకెడతాడు?"

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. వెదురు పట్టుకున్న పిల్ల అంది: "ఐతే మామూలొద్దు. ఢిల్లీవోడి పేరు సెప్పి నాలుగడుగులేసీ పో."

స్వర్ణ దిగింది. హాల్ టికెట్ ఉన్న కవరు చంకలో పెట్టుకుని, ఆ పిల్లల నడుములు పట్టుకుని నడిరోడ్డు మీద థింసా నాలుగడుగులు వేసింది. వెదురు లేచింది. జీపు కదిలాక వెనకనుంచి ఒకత్తె అరిచింది: "ఆడికి సీటు రాకుండా నువ్వే తెచ్చుకోయే."

పరీక్ష మొదలైంది. ఈసారి స్వర్ణ తెలిసినవాటితో మొదలుపెట్టింది. తెలియనిది రాగానే చెయ్యి తొడకిందికి పోయేది. తెల్లటి పెట్టెలు ఒకటి తర్వాత ఒకటి ఖాళీగా వెనక్కి పోతుంటే, మామ్మ ఎక్కడో వెనకనుంచి చూస్తున్నట్టు అనిపించింది. ఫిజిక్స్‌లో ఆఖరి పెట్టె దగ్గర ఆగిపోయింది. వాలుమీద జారే దిమ్మె లెక్క. రఫ్ పేపర్ మీద పన్నెండు వచ్చింది. కొండవాలు మీద పుట్టిన పిల్లకి, జారేది ఎంత జారుతుందో తెలియకుండా ఉంటుందా? అయినా నమ్మలేకపోయింది. ఘర్షణ ఒకసారి వేసిందా రెండుసార్లు వేసిందా అని అనుమానం. మళ్ళీ చేసే టైము లేదు. తప్పైతే ఒకటి పోతుంది. గీత దగ్గర ఆ ఒక్కటే ఎంతమందిని వెనక్కి నెడుతుందో జనవరిలో చూసింది. చెయ్యి లేవబోయింది. నొక్కిపెట్టింది. ఆ పెట్టె ఖాళీగానే పోయింది.

తర్వాత కీ వచ్చింది. జవాబు పన్నెండే.

ఆ నాలుగు మార్కులు ఆమె చేతులారా వదిలేసినవి. అంతకుముందు తెలియనిదానికి కూడా గింజ వేసే చెయ్యి, ఇప్పుడు తెలిసినదానికి కూడా వెయ్యలేకపోయింది. దీన్నే ప్రిపరేషన్ అంటారు. పరీక్షకి తగ్గట్టు తయారయిందని మెచ్చుకుంటారు.

ఏప్రిల్ పర్సంటైల్ ఎనభై ఆరు. గీత దాటింది. కౌన్సెలింగ్‌లో ఎన్‌ఐటీలో సివిల్ సీటు వచ్చింది. గాసి ఊరంతటికీ జీలుగు కల్లు పోయించాడు. కబురు అందిన రోజే కాలేజీ నుంచి ఫోను, వెంటనే రమ్మని.

ప్రిన్సిపల్ సర్వేశ్వరరావు గదిలో కంప్యూటర్ మీద ఫ్లెక్సీ సిద్ధంగా ఉంది. పైన ఆయన ఫొటో, పక్కన ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు, కింద ఒక మూల స్వర్ణ. మధ్యలో పెద్ద అక్షరాలతో 86. దాని కింద "మా శిక్షణకు నిదర్శనం" అని ఉంది. ఫణీంద్ర గోడవారగా నిలబడి ఉన్నాడు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు ప్రిన్సిపల్.

"జనవరిది కూడా వెయ్యండి సార్."

"జనవరిది ఏంటి?"

"డెబ్బై ఒకటి. దాని పక్కనే ఎయ్యండి."

ప్రిన్సిపల్ నవ్వాడు, చిన్నపిల్ల చాక్లెట్ అడిగినట్టు. "అది పోయిన మార్కు కదమ్మా. దాన్ని ఎవరైనా వేసుకుంటారా? నీకే నామోషీ."

"నాకెందుకు నామోషీ? ఈ మూడు నెల్లలో నేను కొత్తగా నేర్చుకున్న ఫిజిక్స్ ఏటీ లేదు. ఇదే బుర్ర, ఇదే పుస్తకం. మైనస్సుందని ఎవులూ సెప్పనప్పుడు డెబ్బై ఒకటి. సెప్పినాక ఎనభై ఆరు. జనవరిది మీది సార్. ఏప్రిల్‌ది నాది. మీదొగ్గేసి నాదొక్కటే ఏసి, కింద మీ శిక్షణంటే ఎలాగ?"

ప్రిన్సిపల్ ఫణీంద్రకేసి చూశాడు, ఈ పిల్లకి నువ్వైనా చెప్పు అన్నట్టు. ఫణీంద్ర గొంతు సవరించుకున్నాడు.

"వేస్తే తప్పేం లేదు సార్. ఆ అమ్మాయి అన్నది నిజమే."

"నిజాలు వెయ్యడానికి ఫ్లెక్సీలెందుకయ్యా" అన్నాడు సర్వేశ్వరరావు. జీవితంలో ఆయన అన్న సూటి మాట బహుశా అదొక్కటే.

ఫ్లెక్సీ ఆయన అనుకున్నట్టే వచ్చింది. ఒకటి కాలేజీ గేటుకి, ఇంకొకటి ముంచింగిపుట్టులో సంత దగ్గర కట్టారు. తొలకరి గాలికి సంత దగ్గరిది ఒక తాడు తెగి, వారంరోజులు మురుక్కాలవ మీద వేలాడింది. సంతకి వెళ్ళిన గాసి దాన్ని విప్పి, కడిగి, మడతపెట్టి ఇంటికి తెచ్చాడు. మంచి మందం సరుకు. మేకల పాక ఆ ఏడాది కారుతోంది.

ఎన్‌ఐటీకి బయల్దేరే ముందురోజు తండ్రీ కూతురూ దాన్ని పాకమీద కప్పారు. కప్పేముందు స్వర్ణ నేలమీద బోర్లా పరిచి, పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, వెనక తెల్లటి వైపు నిండా, తన అరచెయ్యంత లావు అంకెలతో 71 అని రాసింది.

మామ్మ చూసింది. "లోపలకేసి రాస్తే ఎవులు సూస్తారే?"

"మేకలు సూస్తాయి."

"ఆటికి అర్తమవుద్దేటి?"

"సార్లకన్నా బేగి అవుద్ది" అంది స్వర్ణ, తాడు బిగించి కడుతూ.

ఫ్లెక్సీ ఇప్పుడు అక్కడే ఉంది. వానకి పైన ప్రిన్సిపల్ మొహం తడుస్తుంది. లోపల మేకలు పొడిగా పడుకుంటాయి.